మొదలే ముందు నలుగుతుంది

చిరంజీవి బావమరిదికి, బావ ఆశీస్సులు.

బీరువాలో బట్టల అడుగున ఓ బ్యాకప్ టేపు దొరికింది. పైన మీ అక్క చేతిరాత: "ఇంటి మాటలు". మీ ఆఫీసు కంప్యూటర్ గదిలో తను ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఇంట్లో రికార్డు చేసినవన్నీ దీంట్లోకి ఎక్కించిందని నీకూ తెలుసుగా. పంపుతున్నాను, వినిపించే మార్గం చూడు. ఆమె పోయి ఏడాదైనా కాలేదు, గొంతు గుర్తు తెచ్చుకోబోతే మీ పెద్దమ్మ గొంతు వస్తోంది. పగవాడికి కూడా వద్దీ అవస్థ.

ఇట్లు, బావ

తా.క.: టేపుకి చుట్టిన తువ్వాలు నీకు కాదు. తిరిగి పంపు.

బావగారికి నమస్కారాలు.

టేపులు చదివే డ్రైవులో పెడితే "ఖాళీ" అంటోంది. హెడ్డు శుభ్రం చేశాను. ఇంకో డ్రైవులో పెట్టాను. అక్కడా అదే మాట. మీ ఇంట్లో దాని దగ్గర అయస్కాంతం ఏమైనా ఉందా? అది తగిలితే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

మీ బావమరిది

తా.క.: తువ్వాలు ఉతికి పంపుతున్నాను. చాలా అవసరమనిపించింది.

ఏమోయ్,

ఖాళీయా? ఖాళీ అంటే ఏమిటో ఆ డ్రైవుకి తెలియాలంటే ఓసారి మా వంటింట్లోకి తీసుకురా. పాటలు ఎక్కించి తుడిచేశావు, ఒప్పుకో. నా సైకిలు అరువు తీసుకుని సీటు ఒక్కటీ తెచ్చిచ్చిన మహానుభావుడివి! అయినా నీ మాట విని ఇల్లంతా వెతికాను. ఫ్రిజ్ తలుపు అంచులో అయస్కాంతం ఉందట, పీకేశాను. ఇప్పుడు తలుపు పడటం లేదు, పాలు విరిగాయి.

బావ

తా.క.: తువ్వాలు అంచున మీ అక్క కుట్టు మొదట్లో వేలాడే దారం కత్తిరించావెందుకు? మీ అక్క ఏం మొదలుపెట్టినా ముందు జానెడు ఊరికే వదిలేది. "మొదలే ముందు నలుగుతుంది" అనేది.

బావగారికి,

దారం కత్తిరించినందుకు క్షమించండి. మీ తా.క. చదివి కుర్చీలోంచి ఎగిరి లేచాను. అక్క టేపుకీ జానెడు వదిలింది! ముందు ఏమీ లేని ఓ భాగం పెట్టి, "ఇక్కడికి ముగిసింది" అని గుర్తు వేసి, ఆ తర్వాత అసలుది ఎక్కించింది. డ్రైవు ఆ గుర్తు దగ్గరే ఆగి చేతులెత్తేసింది. దాటించాను. అన్నీ ఉన్నాయి. పెన్ డ్రైవులో పంపుతున్నాను.

కానీ ముందే చెబుతున్నాను బావగారూ, మొత్తం మీ గొంతే. మీ సైకిలు కథ, మీ మేనేజరు గొడుగు కథ. అక్క ఊఁ కొడుతుంది, అంతే.

బావమరిది

తా.క.: సైకిలు కథ శుద్ధ అబద్ధం. చక్రం కూడా తెచ్చిచ్చాను.

బావమరిదీ,

విన్నాను. నా సోది ఎవరు వింటారులే అనుకునేవాణ్ణి, దాచుకుంది చూడు. గిన్నెలు తోముతూ కొట్టిన ఊఁ వేరు, నిద్ర ఆపుకుంటూ కొట్టిన ఊఁ వేరు. గొంతు ఆమెదే. మీ పెద్దమ్మది కాదు.

గొడుగు కథ సగంలో ఎవరో తలుపు కొట్టారు, రికార్డు ఆగిపోయింది. ఆగేముందు మీ అక్క "ఊఁ, తర్వాత?" అంది.

ఇట్లు, బావ

తా.క.: తర్వాత ఏమైందో నాకు గుర్తు రావడం లేదోయ్. నీకెప్పుడైనా చెప్పానా? వెంటనే రాయి. ఆమె అడుగుతోంది.