బావ అని రాసిన కాగితం

1957 సెప్టెంబరు 4, బుధవారం
బాగన్ దాతుక్

అప్పన్న పోయి నెల కాలేదు. అతని ప్రావిడెంట్ ఫండ్ డబ్బు కోసం వాళ్లావిడ పైడమ్మను వెంటబెట్టుకుని ఈ రోజు తెలుక్ ఆన్సన్ వెళ్లాను. ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నాలుగు రోజులే, ఆఫీసు గుమ్మానికి మెర్డేకా తోరణాలు ఇంకా వేలాడుతున్నాయి.

గుమాస్తా ఒక పాత కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఐదేళ్ల కిందట ఫండ్ చట్టం కొత్తగా వచ్చినప్పుడు, నా కొబ్బరి కొట్టంలో పనివాళ్లెవరో నేనే రాసిచ్చిన కాగితం. అప్పన్న పేరు పక్కన నా చేతిరాతే ఉంది: పనివాడు కాదు, బావ. చుట్టానికి ఫండ్ ఉండదని తమిళంలో చెప్పి ఫైలు మూసేశాడు.

ఏ బావ? మా తాతా వాళ్ల తాతా సముద్రం దాటి ఈ దేశానికి ఒకే ఓడలో వచ్చారు, అంతే. నా పక్కన కూర్చుని తిన్నవాణ్ని పనివాడని రాయడానికి చెయ్యి రాలేదు. ఎమర్జెన్సీలో కమ్యూనిస్టుల కోసం జరిగిన తనిఖీల్లో పోలీసులు పట్టుకున్నప్పుడు కూడా మా బావే అని చెప్పి విడిపించుకున్నాను. కానీ అలా రాస్తే యజమానిగా నెలనెలా ఫండ్‌కి నేను కట్టాల్సిన వాటా మిగులుతుందని అప్పుడు తెలియదా? తెలుసు.

బస్సులో పైడమ్మ, "ఏటన్నాడన్నయ్యా?" అని అడిగింది. చెప్పాను. "పోన్లే. కూలోడని రాయనేదు కదా, అదే సాలు. రేపట్నుంచి ఆయన పని నాను సేస్తాను," అంది.

తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి జీతాల పుస్తకం తీశాను. పైడమ్మ పేరు రాశాను. పక్క గడిలో కూలీ అని రాస్తేనే ఆమెకు ఫండ్. ఈసారీ చెయ్యి రావడం లేదు.