బావమరిది కోసం వాలుబల్ల

సెక్టర్ 2, భిలాయి. జనవరి 1979, ఆదివారం రాత్రి.

మూడు నెలలుగా మా క్వార్టరును విడువని బావమరిది సింహాచలాన్ని సాగనంపే నిమిత్తం, పాత ప్యాకింగ్ పెట్టెల చెక్కతో పెరట్లో నేను స్వహస్తాలతో నిర్మించిన బల్ల నేడు ప్రారంభమైనది. ముందరి కాళ్లు బుద్ధిపూర్వకంగా పొట్టివి. కూర్చున్నవాడు జారుతూనే ఉండాలి. మేకుల తలలు కొన్ని పైకే వదిలాను.

సింహాచలం రెండుసార్లు జారాడు. మూడోసారి కాళ్లు తన్నిపెట్టి కూర్చుని, కళ్లు తుడుచుకున్నాడు.

"అక్కా, సూసినావేటి? బావ నాకోసం సొంతంగా బల్ల సేసినారు! మీకు బరువైపోనానేమోనని పొద్దున్నే పెట్టె సర్దీసినాను. ఇంకెల్లను. మా ఆవిడినీ రప్పించేస్తాను!"

నా భార్య జీవితంలో మొదటిసారి నన్ను గౌరవంగా చూసింది.

రేపు రెండో బల్ల మొదలుపెట్టాలి.