రెల్లు దొడ్డిలో పక్షులు

దోయ్‌రాని సరస్సు ఒడ్డు

ఆనెస్తిస్ అన్నయ్యా,

తుపాకీ తీసుకుని బయల్దేరుతున్నానని రాశావు. వద్దు. దాన్ని అటక మీదే ఉంచు.

మీ బావను సావ్వాస్ తెడ్డుతో తల పగలగొట్టి చంపాడు. సరస్సులో మనం చేపలు పట్టే రెల్లు దొడ్డి ఉన్న చోటు వాడికి కావాలి, అంతే. పడవ తిరగబడి పోయాడని ఊరంతా వాడికే వంత పాడింది.

పొద్దున్న నేను పడవలో కూర్చుని చలికాలపు పక్షుల రెక్కల ఈకలు కత్తిరిస్తున్నాను. ఎగిరిపోకుండా ఉండి అవి చేపల్ని దొడ్డిలోకి తరిమితేనే కదా మనకు తిండి. వాడు తన పడవ ఆనించి నవ్వాడు.

"ఒక ఆడది ఊటకు మూత పెట్టడం మరిచిపోతేనే ఊరు మునిగి ఈ సరస్సయింది. నువ్వేం చూసుకుంటావే దొడ్డిని? ఇటియ్యి," అని పక్షి కోసం చెయ్యి చాపాడు.

"ఆ పిల్ల మరిచిపోయింది. నేను మరవలేదు," అన్నాను.

ఇక్కడ పక్షిని ఎవరూ చంపరు, ఎగరకుండా చేస్తారు. కత్తెర చేతిలోనే ఉంది. వాడి కుడి బొటనవేలు తెగి నీళ్లలో పడితే, మన పక్షి ఒకటి దాని వెనకే మునిగింది. వాడిక తెడ్డు పట్టలేడు.

పోలీసులు వచ్చారు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి ఇది రాస్తున్నాను. నువ్వు వసంతంలో వచ్చి, దొడ్డి తడిక తీసి పక్షుల్ని వదిలెయ్యి. అప్పటికి ఈకలు మళ్లీ మొలుస్తాయి, వాటికైతే.

నీ చెల్లెలు