స్వెటర్‌కు అంటిన వాసన

వదినకు,

నీ ఆడపడుచు నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. మీరూ కులాసా అని రాసి, ఆ కిందనే ఎడమ కన్ను ఇంకా దురదగా ఉందని రాశావు. మీ కులాసా ఏపాటిదో అర్థమైంది. వాపు దిగాక కూడా కొన్నాళ్ళు దురద ఉంటుందట. గోకకుండా తడిగుడ్డ వేసుకోమని మా వీధి మందుల షాపాయన చెప్పాడు.

మా ఆయన మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది. కూరగాయల సంచి మొయ్యమన్నప్పుడు మాత్రం మళ్ళీ వస్తోంది. ల్యాబ్‌లో నా పని మామూలే. రోజంతా పురుగుల మీసాల ముందు కూర్చుంటానని నువ్వు పెట్టిన పేరు మావాళ్ళకు చెప్పడం నా తప్పు. ఇప్పుడు అందరూ నన్ను ‘మీసాల డాక్టరమ్మ’ అనే పిలుస్తున్నారు.

తేనెపెట్టెలన్నీ ఎవరికైనా ఇచ్చేద్దామని అన్నయ్య అంటున్నాడనీ, నువ్వూ సరే అన్నావనీ రాశావు. అది చదివి ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. కాసేపటికి మళ్ళీ తీశాను. “ఇన్నేళ్ళు ఒట్టి చేతులతో వాటి మధ్య తిరిగాను, ఒక్కటి కుట్టలేదు. ఆ రోజెందుకు మీద పడ్డాయి? మీ అన్నయ్య అన్నట్టు మూత ఎత్తి పడేశానా? పక్కనే ఉన్నావుగా, ఉన్నదున్నట్టు చెప్పు” అని అడిగావు.

చెబుతాను. దానికి ముందు, తేనెటీగకు వాసన ఎలా తెలుస్తుందో చెప్పాలి.

ఈగకు ముక్కు లేదు, మీసాలే ముక్కు. మీసం నిండా కంటికి ఆనని నూగు ఉంటుంది. ఆ నూగుకు సన్నటి రంధ్రాలు. గాలిలో వచ్చిన వాసన రేణువు అందులోంచి లోపలి తడిలోకి దిగుతుంది. అక్కడ దాన్ని మోసుకుపోయే పదార్థం ఒకటుంటుంది, పడవలాగా. అది అవతల ఒడ్డున ఉన్న నరపు కణం దగ్గరికి చేరుస్తుంది. ఆ కణం గోడలో చిన్న చిన్న తలుపులుంటాయి. ఒక్కో తలుపు తనకు నప్పిన వాసనకే తెరుచుకుంటుంది. తెరుచుకుందంటే బయటి ఉప్పు రేణువులు లోపలికి తోసుకొస్తాయి, చిన్న కరెంటు పుడుతుంది, రెప్పపాటులో తలకు కబురు పోతుంది. ఈగ ఆలోచించదు వదినా. మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అని చూడదు. కబురు అందాక కదులుతుంది, అంతే.

అలాంటి కబుర్లలో ఒకటి ఆపద కబురు. గూటికి ముప్పొచ్చి ఈగ కుట్టినప్పుడు ఆ ముల్లు దగ్గర్నుంచి ఒక వాసన వస్తుంది. ‘ఇక్కడే, ఇక్కడే’ అని మిగతావాటిని పిలుస్తుంది. ఒకటి కుడితే పది వచ్చేది అందుకే. మన ముక్కుకు అది అచ్చం అరటిపండు వాసన.

ఇక్కడిదాకా చదివేసరికి నీకు గుర్తొచ్చే ఉంటుంది.

మీ ఇంటికి వచ్చే ముందు రోజు ల్యాబ్‌లో ఆ వాసన సీసా జారి నా స్వెటర్ చేతి మీద ఒలికింది. పంపు కింద తడిపాను, పోయిందనుకున్నాను. నిజానికి పోయింది నా ముక్కే. పొద్దంతా ఒకే వాసనలో కూర్చుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ స్వెటర్‌ను అలాగే ప్లాస్టిక్ సంచిలో కుక్కి తెచ్చాను. పొద్దున చలిగా ఉందని నువ్వు చేతులు ముడుచుకుంటే, “నాది వేసుకో వదినా” అని నేనే తీసి ఇచ్చాను. వేసుకుని పెట్టెల వైపు నడుస్తూ నువ్వేమన్నావు? “ఏమిటే, అరటిపండ్లు ఇందులో మూటగట్టావా?” అన్నావు.

నేను నవ్వాను. అది ఏ వాసనో నాకు తెలుసు. ఆ క్షణంలో “విప్పెయ్” అని ఉంటే సరిపోయేది. ఇంత చదివినదాన్ని, ల్యాబ్ బట్టలు తేనెపెట్టెల దగ్గరికి తెచ్చానని నువ్వు నవ్వుతావని సిగ్గేసింది. తడిపాంలే, ఏం కాదులే అని సర్దిచెప్పుకున్నాను. నువ్వు మూత తీశావు.

తరువాతది నీకూ తెలుసు. ఆస్పత్రిలో నీకు మందెక్కుతుండగా నేను బాత్రూంలోకి వెళ్ళి సబ్బుతో ఆ స్వెటర్‌ను రుద్ది రుద్ది ఉతికాను. బయటికి వచ్చేసరికి అన్నయ్య నీ మంచం పక్కన నిలబడి, “కంగారు మనిషివి, మూత ధబాల్న పడేసుంటావ్” అంటున్నాడు. మొహం వాచిపోయి నువ్వు మాట్లాడలేకపోయావు. నేను మాట్లాడగలను. మాట్లాడలేదు. పైగా నీ ఉత్తరంలో, ‘నువ్వు లేకపోతే ఆ రోజు నేను బతికేదాన్ని కాదు’ అని రాశావు. ఆ మాట చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నిన్న అన్నయ్యకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. అంతా విని, “మీ వదినను నోటికొచ్చినట్టు అన్నానే” అన్నాడు.

“ఇదంతా నువ్వే చెప్పన్నయ్యా, నాకు మొహం చెల్లడం లేదు” అన్నాను.

“నాది నేను చెప్పుకుంటాను. నీది నువ్వు రాయి” అని పెట్టేశాడు.

అందుకే రాస్తున్నాను. పెట్టెలు ఇచ్చెయ్యకు వదినా. నువ్వేమీ పడెయ్యలేదు. నిద్రపోయే పసిపిల్లను దించినట్టు మూతను పక్కన పెట్టావు, నేను చూశాను. ఆ ఒక్క ముక్క ఆస్పత్రిలోనే చెప్పాల్సింది.

ఆదివారం వస్తున్నాను. తలుపు తీయడమో తీయకపోవడమో నీ ఇష్టం. తీసేదాకా మెట్ల మీద కూర్చుంటాను.

ఇట్లు,
ఆ రోజు నీ చెయ్యి పట్టుకుని కూర్చుని కూడా నోరు విప్పని
నీ ఆడపడుచు