పులుసు ఒలకని బండి

ఉమ్‌కోమాస్, దక్షిణాఫ్రికా,
మార్చి 1996.

బావగారికి వందనాలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. పులుసే క్షేమంగా చర్చికి చేరడం లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరం కలిసి భోంచేస్తాం. మీ చెల్లెలు ప్రసూన వంకాయ పులుసు గిన్నెతో నా మోటారు సైకిల్ వెనక కూర్చుంటుంది. కొత్త ప్రభుత్వం వచ్చి రెండేళ్లవుతున్నా చెరకు తోటల మధ్య దారి నిండా గుంతలే. పోయినవారం సగం పులుసు నా చొక్కా తాగింది.

నాకు డ్యూటీ పడ్డ ఆదివారాలు ఆమెను మా చక్కెర మిల్లు ఫిట్టర్ డెస్మండ్ తీసుకెళ్తాడు. అతని ముత్తాత మనవైపు నుంచే వచ్చాడట. అతనిది వచ్చీరాని తెలుగు, ప్రసూనను ‘అక్కా’ అంటాడు. అతని బండి మీద చుక్క కూడా ఒలకదట. వారమంతా ఇంట్లో ఇదే మాట.

“అన్నా, చెయ్యి టైట్ వద్దు. బండి దూకితే చెయ్యి దూకుతాది, యాక్సిలరేటర్ ఎక్కువ తిరుగుతాది” అని నాకు చెప్పబోయాడు. నేను వినిపించుకోలేదు. అతని దగ్గర నేర్చుకోను. నాకు బండి నేర్పింది మీరు. గుంతల్లో యాక్సిలరేటర్ కుదుపు లేకుండా ఎలా తిప్పాలో మీరే రాయండి.

ఇంతవరకు రాశాక బయట హారన్ మోగింది. ఇవాళ ఆదివారమే, కాసేపట్లో నేను డ్యూటీకి బయల్దేరాలి. కిటికీలోంచి చూశాను. ప్రసూన డెస్మండ్ వెనక కూర్చుని గిన్నెను రెండు చేతులతో పట్టుకుంది. నా వెనకైతే గిన్నెకు ఒక చెయ్యే. రెండోది నా నడుము చుట్టూ గట్టిగా ఉంటుంది.

బావగారూ, పైన అడిగింది మరిచిపోండి. ఇకమీదట చర్చికి పాత చొక్కాలే వేసుకుంటాను.

మీ బావమరిది