మల్లేశం సిలిండర్లకు వాల్వులు

1974 మార్చి 4

నా భార్య శారద మూడో మాసికం. రామచంద్రాపురం నుంచి వచ్చిన పంతులుగారు ఆమె పేరు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ చెప్పాను. భోజనాలయ్యాక ఫ్యాక్టరీకి వెళ్లిపోయాను. సెలవు పెట్టిన మాట నిజమే. ఇంట్లో ఏం చేయాలో తెలియలేదు...

గుమ్మంలో పక్క క్వార్టరు సుభద్రమ్మగారు ఆపారు. "ఒక్కసారి ఏడ్చేయండి అన్నయ్యగారూ. తేలికపడతారు." అలాగేనండి అన్నాను. చెంబు ఇవ్వమంటే ఇస్తానన్నట్టు.

మార్చి 6

నీళ్ల శాఖ జీపు వచ్చింది. రెండు సిలిండర్లు దించారు. మేం రోజూ చూసే ఆక్సిజన్ సిలిండర్లు కావు. పొట్టిగా ఉన్నాయి, వీపుకు కట్టుకోవడానికి పట్టీలున్నాయి. వీటిలో గాలి నింపుకుని మనిషి నీళ్ల అడుగుకు వెళ్తాడట. విశాఖ రేవులో పాత సామానుగా కొన్నారు. రెండింటికీ వాల్వులు లేవు. మెడలు బోసిగా ఉన్నాయి.

సంగారెడ్డి అవతల మంజీర మీది ఆనకట్ట తూములో పెద్ద చెట్టు మొద్దు ఇరుక్కుందట. ఎండలు ముదిరేలోగా తీయకపోతే పట్నానికి నీళ్లు కష్టం.

"వాల్వులు మనం చేసేవేగా. బిగించి పంపెయ్యి" అన్నారు మేనేజరు రాజారావుగారు. సరేనన్నాను.

దిగబోయే మనిషి కూడా జీపులోనే వచ్చాడు. మల్లేశం. ఏటి ఒడ్డు ఊరు, చేపలు పట్టే ఇల్లు. ఇన్నాళ్లూ ఊపిరి బిగబట్టి దిగేవాడు. నేవీలో పనిచేసి వచ్చిన ఒకాయన తన సెట్టుతో చెరువులో వారం నేర్పి వెళ్లాడట. మల్లేశం సిలిండరు మీద వేలితో కొట్టి చూశాడు.

"గింత ఇనుము మోస్కొని ఎట్ల తేలుత సారూ?"

తేలడానికి కాదు, మునగడానికి అన్నాను. పడీపడీ నవ్వాడు. నేను నవ్వించాలని అనలేదు.

మార్చి 7

మా వాల్వు పనికిరాదు. మా వాల్వు మెడ కింద సన్నం, పైన లావు — మేకులా దిగి బిగుస్తుంది. ఈ సిలిండర్ల మెడలో మరలు పైనుంచి కిందిదాకా ఒకే లావు. రబ్బరు రింగు మీద కూర్చోవాలి. పైగా ఊపిరి గొట్టం బిగించే క్లాంపు మా వాల్వు మూతి మీద కూర్చోదు.

రాజారావుగారు నుదురు రుద్దుకున్నారు. మద్రాసులో ఇలాంటి సామాను అమ్మే వర్తకుడికి టెలిగ్రాం ఇచ్చాం.

మార్చి 9

ఏమీ లేదు.

మార్చి 12

పని మీద సంగారెడ్డి వెళ్లాను. బస్సు దిగి నడుస్తుంటే కళ్లద్దాల షాపతను కేకేశాడు. "సారూ! అమ్మగారి అద్దాలు ఎప్పుడో తయారైనయ్. కొంటవోతలేరేంది?" తీసుకున్నాను. "అమ్మ మంచిగున్నదా?" అన్నాడు. తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు. బస్సు కంది ఊరు దాటేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. తర్వాత జేబులో పెట్టుకున్నాను.

మార్చి 16

మద్రాసు పార్సిల్. రెండు వాల్వులు, కవల పిల్లల్లా ఉన్నాయి.

మొదటి సిలిండరులో మెత్తగా, చివరిదాకా దిగింది. రింగు మీద కూర్చుంది. రెండోదానిలో మొదట కొంచెం వదులు... చుట్టు తర్వాత చుట్టు... అంతలో బిగిసిపోయింది. టర్నర్ ఖాదర్ భాయ్ పానాతో ఒకసారి లాగి చూసి, "బైఠ్ గయా సాబ్" అన్నాడు.

నాకూ కూర్చుందనే అనిపించింది. అయినా విప్పి, సుద్ద రాసి మళ్లీ తిప్పి తీశాను. సుద్ద పైన కాస్తే చెరిగింది. మిగతా అంతా తెల్లగానే ఉంది. ఖాదర్ భాయ్ గేజి పట్టి చూశాడు. మొదటి సిలిండరు మెడ మిల్లీమీటర్ల కొలత. రెండోది అంగుళాల కొలత, వెంట్రుకవాసి లావు. ఈ వాల్వులు రెండూ మిల్లీమీటర్లవే. వదులుగా దిగి, మరలు అడ్డం పడి బిగుస్తోంది. అసలు పట్టు లేదు.

"అరె... చూస్తె తెలుస్తనే లేదు" అన్నాడు ఖాదర్ భాయ్. అవును. చూస్తే తెలియదు.

మార్చి 18

రాజారావుగారు నమ్మలేదు. ఆయన తప్పు కాదు. శాఖ నుంచి రోజూ ఫోన్లు. "పానాతో లాగినా రానిది గాలికి వస్తుందా?" అన్నారు. గాలి పెట్టి చూద్దామన్నాను. నీళ్లతో పరీక్ష చేసే పంపు మరమ్మతులో ఉంది. సిలిండరును పరీక్ష గుంతలో దించి, పైన ఇనప పలక వేసి, అందరినీ దూరం జరిపి కంప్రెసరు ఆన్ చేశాం. ముల్లు ఎక్కుతోంది. సగం కూడా ఎక్కలేదు —

పలక ఎగిరి పక్కన పడింది. వాల్వు షెడ్డు పైరేకును చీల్చుకుని ఆకాశంలోకి పోయింది. అందరూ నేల మీద బోర్లా పడ్డారు. ఖాదర్ భాయ్ నా చొక్కా పట్టి లాగాడు.

"వంగరేంది సాబ్? దిమాగ్ గిట్ల ఖరాబైందా?"

నేను నిలబడే ఉన్నాను. చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. మణికట్టు పట్టుకుని చూసుకున్నాను. నాడి మామూలుగా కొట్టుకుంటోంది. క్వార్టరుకు వచ్చి పెరుగన్నం తిన్నాను.

ఇది రాసిపెట్టుకోవాలి. నాకు భయం వేయలేదు. రేకులోని చిల్లులోంచి ఎండ పడుతుంటే, గుండ్రంగా బాగుంది అనుకున్నాను. అంతే.

మార్చి 19

రాజారావుగారు నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "అది ఆ మనిషి వీపు మీద ఉండి ఉంటే..." అని, మాట పూర్తి చేయకుండా వెళ్లారు. ఆయనే శాఖకు ఫోన్ చేశారు, ప్రస్తుతానికి ఒకటే అని. అంగుళాల వాల్వు కోసం మద్రాసుకు మళ్లీ టెలిగ్రాం. రెండో సిలిండరు మెడ లోపల దెబ్బ తగలలేదు. గేజి పెట్టి, వేలు పెట్టి చూశాను.

మార్చి 22

గేటు దగ్గర ఎవరో అమ్మ అడుగుతోందని వాచ్‌మన్ వచ్చాడు. మల్లేశం భార్య లచ్చమ్మ. ముత్తంగి అంగడికి వచ్చి, అటునుంచి ఇటు నడిచి వచ్చిందట. నెత్తి మీద గంప దించలేదు.

"సారూ, మా ఆయిన సోమవారం దిగుతడంట. రేకు పగిలిన సంగతి ఊరంత తెల్సింది. గా డబ్బ మంచిదేనా?"

అది వేరే సిలిండరు, ఇది సరిగ్గా ఉంది అన్నాను.

"మంచిగనే వస్తడని చెప్తరా మరి?"

 నవంబరులో ఆస్పత్రి మంచం మీద శారద కూడా ఇలాగే అడిగింది. "తగ్గుతుందా?" అని. తగ్గిపోతుంది అన్నాను. గట్టిగానే అన్నాను.

లచ్చమ్మ నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. నేనే బిగించానమ్మా, అంతవరకే చెప్పగలను అన్నాను.

"గట్లయితె మీరు గట్టు మీద ఉండుండ్రి. మీరుంటె నాకు జెర ధైర్నం."

ఉంటానన్నాను. గంప సర్దుకుని వెళ్లిపోయింది. కాళ్లకు చెప్పులు లేవు. తారు రోడ్డు మీద అంత ఎండ.

మార్చి 25

మా కంప్రెసరు గాలికి నూనె వాసన, అది పీల్చకూడదు. సిలిండరు నిన్ననే సనత్‌నగర్ పంపి మంచి గాలి నింపించాం. పొద్దున జీపులో ఆనకట్టకు వెళ్లాం.

మల్లేశం ఏటికి దండం పెట్టాడు. సిలిండరుకు కూడా పెట్టాడు. నడుముకు కట్టిన తాడు కొస నా చేతికిచ్చాడు. "ఒక్కసారి గుంజితె మంచిగున్న అన్నట్టు. మస్తుసార్లు గుంజితె మీరు గుంజుండ్రి."

దిగాడు. బుడగలు. అవి వచ్చేచోటు నెమ్మదిగా తూము వైపు జరిగింది. లచ్చమ్మ గట్టు మీద కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. తాడు ఒకసారి కదిలింది. నేనూ ఒకసారి లాగాను. చాలాసేపు అలాగే.

పైకి వచ్చాడు. ముఖం మీది అద్దం తీసి నన్ను చూసి నవ్వాడు. "సప్పుడే లేదు సారూ లోపట. నా ఊపిరి సప్పుడొక్కటే. మావోళ్లు ఎవ్వరు ఇనలే గది."

మొద్దు మాత్రం రాలేదు. రెండు కొసలకూ ఒకేసారి గొలుసు వేయాలి. ఇద్దరు కావాలి. రెండో సిలిండరు కావాలి.

వాల్వు దగ్గర చేయి పెట్టి చూశాను. చల్లగా, తడిగా ఉంది. బుడగ రావడం లేదు.

మార్చి 26

మెలకువ వచ్చేసరికి తెల్లారిపోయింది. నిద్ర పట్టిందన్న మాట. మరేమీ లేదు.

మార్చి 29

అంగుళాల వాల్వు వచ్చింది. ఖాదర్ భాయ్ పొట్లం విప్పి, గేజి పట్టి, "ఇది దాని మొగుడు సాబ్" అన్నాడు.

మధ్యాహ్నం మల్లేశం వచ్చాడు. రెండో మనిషి ఎవరని అడిగాను. ఇంకా అనుకోలేదన్నాడు. నేను వస్తానన్నాను. గోదావరి కాలువలో ఈత కొడుతూ పెరిగినవాణ్ని. నేర్చుకుంటానన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు... వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

బీడీ ముట్టించాడు.

"భయం లేదా సారూ?"

లేదన్నాను. నిజమే చెప్పాను.

"రేకు ఎగిరిననాడు గూడ మీరు నిలవడే ఉన్నరంటగద. ఖాదర్ చెప్పిండు." పొగ వదిలాడు. "అయితె వద్దు సారూ. ఏమనుకోకుండ్రి. భయం లేనోన్ని నేను నీళ్లకు తోల్కవోను. మునిగెటోనికి మీదికి రావాల్నని ఉండాలె. మీకు ఉన్నదా?"

  షెడ్డు నీడలో కూర్చుని బీడీ చివరిదాకా కాల్చాడు.

లేచేటప్పుడు అన్నాడు — "మా బామ్మర్ది సాయిలును తీస్కవోత. వాడు ఇప్పటిసంది గజగజ వణుకుతున్నడు. గసొంటోడే మంచిగుంటడు."

మార్చి 30

మునిగేవాడికి పైకి రావాలని ఉండాలట.

సుభద్రమ్మగారు చారు పంపారు. గిన్నె కడిగి ఇచ్చాను.

ఏప్రిల్ 3

మల్లేశం మొదటి సిలిండరుతో సాయిలును చెరువులో దింపి నేర్పుతున్నాడట. రెండోసారికి ఏడుపు మానేశాడని జీపు డ్రైవరు చెప్పాడు. ఇవాళ మల్లేశం ఆ పిల్లవాణ్ని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చాడు. సన్నటి మెడ, కొత్తగా పెళ్లయిన పసుపు ఇంకా బట్టల మీద ఉంది. సిలిండరు చూపించి, "ఇదేనా ఎగిరింది?" అన్నాడు. ఇదే అన్నాను. అబద్ధం ఆడటం ఎందుకు. అప్పుడు ఎగిరిన వాల్వు వేరే కొలతది, ఇప్పటిది దీని కొలతదే అన్నాను. నమ్మినట్టు తల ఊపాడు. మల్లేశం ముఖం చూసి నమ్మాడు, నా ముఖం చూసి కాదు.

ఏప్రిల్ 5

ఇది షెడ్డులో నా టేబుల్ దగ్గర కూర్చుని రాస్తున్నాను. జీపు వచ్చే వేళయింది. ఇక్కణ్నుంచి సనత్‌నగర్ వెళ్లి గాలి నింపుకుని, అటునుంచి ఏటికి.

రెండో వాల్వు బిగించాను. చివరిదాకా దిగింది. సుద్ద అంతటా సమంగా చెరిగింది. పంపు బాగయింది, నీళ్లతో పరీక్ష చేశాం. పట్టింది. మళ్లీ పెంచి చూశాం, పట్టింది. ఏ లోపమూ లేదు.

అయినా విప్పాను. రింగు తీసి వెలుతురుకు పట్టి చూసి మళ్లీ వేశాను. బిగించాను. కుర్చీలో కూర్చున్నాను. సాయిలు మెడ గుర్తొచ్చింది. లేచి వెళ్లి మళ్లీ విప్పాను.

ఖాదర్ భాయ్ పానా నా చేతిలోంచి తీసేసుకుని, తనే చివరిదాకా బిగించాడు. "బస్ సాబ్. మరలు అరిగిపోతయ్." నా చేయి చూశాడు. నేనూ చూసుకున్నాను. వణుకుతోంది. అరచేయి తడి.  ఇలా వచ్చి కూర్చున్నాను.

మల్లేశానికి చెప్పాలా ఈ సంగతి... చెబితే ఏమంటాడు. దిగేది నేను కాదు. పైన తాడు పట్టుకునేవాణ్నే.

గేటు దగ్గర హారను. రాజారావుగారు పిలుస్తున్నారు. ఖాదర్ భాయ్ రెండు సిలిండర్లూ భుజాన వేసుకుని జీపు వైపు నడుస్తున్నాడు. సరిగ్గానే ఉంది. నేను చూశాను. సరిగ్గానే ఉంది — ఇంకొక్కసారి ఆపి చూస్తే...