లూపస్ వ్యాసంలో నీ పేరు

ఒహాయో, 1983

సుభద్రక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. తలుచుకుని ఏడుద్దామంటే కోపం ఏడవనివ్వడం లేదు.

లూపస్ జబ్బు మీద నీ వ్యాసం పోయిన నెల మెడికల్ జర్నల్లో అచ్చయింది. ఒంటిని కాపాడాల్సిన రక్తమే ఒంటిమీద ఎందుకు తిరగబడుతుందో నాలుగేళ్ళు పరిశోధించి రాశావే, అదే. మొదటి పేరు మన ల్యాబ్ చీఫ్‌ది. రెండోది నువ్వు పోయాక చేరిన కొత్త డాక్టరుది. నీ పేరు చిట్టచివర, చిన్న అక్షరాల్లో ఉంది. రక్త నమూనాలు సేకరించినందుకు నీకు కృతజ్ఞతలట! ఆ నమూనాలు సేకరించింది టెక్నీషియన్‌నైన నేను. వాటి గుట్టు తేల్చింది నువ్వు.

నీ నోటుబుక్కులు ఏడూ తీసుకెళ్ళి చీఫ్ బల్ల మీద పెట్టాను. ఆయన ఒక్కటి కూడా తెరవలేదు.

"పోయిన మనిషికి పబ్లికేషన్‌తో ఏం పని, పద్మా? ఈ కొత్త డాక్టరుకింకా బోలెడు కెరీర్ ఉంది" అన్నాడు.

"ఆవిడ పనితోనా?" అన్నాను.

"తలుపు వేసి మాట్లాడు."

"వెయ్యను. అందర్నీ విననివ్వండి, డాక్టర్."

ఆ మధ్యాహ్నమే పేజీలన్నీ జిరాక్స్ తీసి ఎడిటర్‌కి పంపాను. వారం తిరక్కుండా నా ఉద్యోగం ఊడింది. "పోతే పోయింది, ఇంకోటి వెతుక్కుందాంలే" అన్నారు మా ఆయన.

ఈ ఉదయం ఎడిటర్ జవాబొచ్చింది. వచ్చే సంచికలో సవరణ వేస్తారట. మొదటి పేరు నీదే. పేరు ఎలా అచ్చువేయాలో రాసి పంపమన్నారు. నోరు తిరగదంటూ ల్యాబ్‌లో వీళ్ళు పిలిచిన 'సూ' అని రాయలేదక్కా. చెరుకుపల్లి సుభద్ర అని, ఒక్క అక్షరం తగ్గకుండా టైపు చేసి, మంచులో నడిచి వెళ్ళి పోస్ట్ చేసి వచ్చాను.

పద్మ